టీవీ ముక్క ఎక్కడిదో కనిపెట్టడం ఎలా?

శ్రీకాకుళం

పిల్లలకు ఆశీస్సులు.

అక్టోబరు వస్తే మన తీరానికి తుఫాను బెంగ, ఫోన్లకు టీవీ ముక్కల, అంటే వార్తల వీడియో తునకల బెంగ. మూలన చానెల్ లోగో, కింద ఎర్రపట్టీ మీద ‘కళింగపట్నం వద్ద తీరం దాటిన తుఫాను’, వెనక కూలుతున్న కొబ్బరిచెట్లు. ఇది నిజమేనా అని కాదు, ఎక్కడిది, ఎప్పటిది అని ముందు అడగండి. చాలాసార్లు దృశ్యం నిజమైనదే, తేదీయే అబద్ధం. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ దృశ్యాలకు కొత్త పట్టీ వేస్తే చాలు, ఈ ఏటివైపోతాయి. లోగోను ఏ ఫోన్లోనైనా అతికించొచ్చు కాబట్టి దాన్ని సాక్ష్యంగా లెక్కించకండి.

వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు ఉంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని. అక్కడే ఆగండి.

వీడియోను ఆపి మూడు నాలుగు చోట్ల స్క్రీన్‌షాట్ తీయండి: వంతెన, గుడి, దుకాణం బోర్డు, ఏదో ఒక ఆనవాలు ఉన్నచోట. లోగో, పట్టీ కత్తిరించేసి గూగుల్ లెన్స్‌లో (బొమ్మ ఇస్తే అలాంటివి వెతికిపెట్టేది) వెతకండి. కత్తిరించకపోతే అది చెట్లను వదిలి పట్టీ మీది అక్షరాలను వెతుకుతుంది. వచ్చినవాటిలో అన్నిటికంటే పాత తేదీది పట్టుకోండి. ఏమీ దొరకలేదంటే కొత్తదని కాదు. వెతుకులాటకు చిక్కకుండా వీడియోను అద్దంలోలా తిప్పేస్తారు. బోర్డు అక్షరాలు తిరగబడి, లోగో మాత్రం సరిగ్గా ఉంటే ఆ లోగో తర్వాత అతికించిందే. స్క్రీన్‌షాట్‌ను ఫోన్లోనే మళ్లీ తిప్పి వెతకండి.

బండి నంబర్లు చూడటం నాకు చాలా ఇష్టమైన పద్ధతి. మన జిల్లాకు ఏపీ 30, విజయనగరానికి ఏపీ 35 ఉండేవి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 మొదలైంది. అంటే ఏపీ 39 బండి కనిపించే వీడియో తిత్లీ నాటిది అయ్యే అవకాశం లేదు. ఏపీ 30 కనిపిస్తే మాత్రం సంవత్సరం తేలదు, పాతబళ్లు ఇంకా తిరుగుతున్నాయిగా. ఇచ్ఛాపురం వైపు బోర్డుల మీద ఒడియా కనిపించినంత మాత్రాన అది మన జిల్లా కాదనుకోకండి.

తర్వాత ఆ చానెల్ సొంత యూట్యూబ్‌కి వెళ్లి అదే వార్త ఉందేమో చూడండి. అక్కడుండే తేదీ ఎక్కించిన రోజుది, తీసిన రోజుది కాకపోవచ్చు. తుఫాను ఎక్కడ, ఎన్ని గంటలకు తీరం దాటిందో వాతావరణ శాఖ బులెటిన్‌తో సరిపోల్చండి.

యాంకరే చెబుతున్నట్టుంటే వేగం సగానికి తగ్గించి ప, బ, మ పలికేచోట చూడండి. ఆ అక్షరాలకు పెదవులు కలవాల్సిందే. మాటంతా ఒకే తీరుగా వెనకబడితే అది ప్రసారంలో వచ్చిన ఆలస్యం కావచ్చు. పెదవులు అసలు కలవకపోతేనే మాటలు తర్వాత అతికించారేమోనని గట్టిగా అనుమానించండి.

పుట్టుక చెప్పే కొత్త ఏర్పాటు ఒకటుంది, పేరు కంటెంట్ క్రెడెన్షియల్స్. దీని ప్రమాణాల కోసం అడోబీ, బీబీసీ, మైక్రోసాఫ్ట్ వంటి సంస్థలు 2021లో సీ2పీఏ అనే కూటమి కట్టాయి. ఎవరు తయారుచేశారు, తర్వాత ఏమేం మార్చారు అన్నది ఫైల్లోనే డిజిటల్ సంతకంతో ఉంటుంది, పాతకాలపు లక్క ముద్రలాగ. సంతకమయ్యాక ఎవరైనా బొమ్మను ముట్టుకుంటే ముద్ర సరిపోలదు. అయితే అది పుట్టుకనే చెబుతుంది, అందులో చెప్పిన సంగతి నిజమని హామీ ఇవ్వదు. ముద్ర లేనంత మాత్రాన దొంగదీ కాదు: వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫైల్ కుదించుకుపోయి ఆ సమాచారం ఊడిపోతుంది. అందుకే అసలు ఫైలు కావాలంటే డాక్యుమెంట్‌గా పంపమని అడగండి.

తేలాక గ్రూపులో పంపినవాళ్లను తిట్టకండి, వాళ్లూ భయంతోనే పంపి ఉంటారు. పాత వీడియో లింకు, దాని తేదీ, తాజా బులెటిన్ లింకు అదే మెసేజ్‌కి జవాబుగా పెట్టండి. విడిగా పెడితే కిందకి జారిపోయి ఎవరికీ కనబడదు.

ఇట్లు,
మీ తాతయ్య