పెద్దవాళ్లకు తోడుగా వెళ్లే పని: అపోహలు - వాస్తవాలు

తొమ్మిదేళ్లుగా మా పట్టణంలో కొంతమందిమి కలిసి పెద్దవాళ్లకు తోడుగా బ్యాంకుకి, ఆసుపత్రికి, ఆర్డీవో ఆఫీసుకి వెళ్తున్నాం. ఈ పనిలో పదే పదే వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిని నమ్మి పెద్దవాళ్లు నష్టపోవడం కళ్లారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

అపోహ: సేవ అంటే పండ్లు, దుప్పట్లు పంచడం.

అక్టోబర్ 1 వృద్ధుల దినోత్సవం. ఆ రోజు వృద్ధాశ్రమానికి ఒకే పూట రెండు మూడు బృందాలు అరటిపండ్లు తెస్తాయి. మర్నాడు ఎవరూ రారు. ఒకసారి ఒక మామ్మగారు నా చెయ్యి పట్టుకుని, "పండ్లు వద్దమ్మా, ఈ మాత్ర పొద్దున వేసుకోవాలా రాత్రా, అది చెప్పు" అన్నారు. ఆసుపత్రి చీటీ చదివి పెట్టే మనిషి లేక ఆవిడ బీపీ మాత్ర నాలుగు రోజులు మానేశారు. ఆ చీటీ చదవడం కూడా సేవే. వేలిముద్ర పడక పెన్షన్ ఆగిన వాళ్లతో ఆఫీసుకు వెళ్లి, పని అయ్యేదాకా కూర్చోవడమూ సేవే. వీటికి డబ్బు అక్కర్లేదు, వారానికో పూట తీరిక ఉంటే చాలు.

అపోహ: ఇల్లు రాసిచ్చేశాక ఇక చేసేదేమీ లేదు.

ఎక్కువమంది మా దగ్గరికి వచ్చేది ఈ బాధతోనే. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని 23వ సెక్షన్ ప్రకారం, తనను చూసుకోవాలనే షరతుతో ఒక పెద్దవారు ఆస్తి రాసిచ్చాక, ఆ ఆస్తి తీసుకున్నవాళ్లు వారిని పట్టించుకోకపోతే, ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను, అంటే ఈ చట్టం కింద అర్జీలు విచారించే అధికారిని, అడగవచ్చు. ఈ చట్టం అమల్లోకి వచ్చాక రాసిన పత్రాలకే ఇది వర్తిస్తుంది.

అలాగని ఏ గిఫ్టు డీడునైనా (ఆస్తిని ఉచితంగా రాసిచ్చే దస్తావేజు) ఎప్పుడైనా రద్దు చేయించవచ్చనుకోవడం కూడా పొరపాటే. షరతు ఉన్నట్టు తేలాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో, గిఫ్టు రాసిన రోజే కొడుకు తల్లికి విడిగా రాసిచ్చిన హామీ పత్రాన్ని లెక్కలోకి తీసుకుని ఆ గిఫ్టును రద్దు చేసింది. ఆస్తిని తిరిగి అప్పగించమనే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందనీ చెప్పింది.

ఒక పెద్దాయన దస్తావేజును ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చారు. అందులో "ప్రేమాభిమానాలతో" అని మాత్రమే ఉంది. షరతు లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చివరికి చెప్తే ఆయన, "చూసుకుంటాడనే కదమ్మా రాశాను, అది మళ్లీ విడిగా రాయాలా?" అన్నారు. రాయాలి. రిజిస్ట్రేషన్‌కు ముందే ఆ ఒక్క వాక్యం డాక్యుమెంట్ రైటర్‌తో పెట్టించుకోవాలి. కొడుకు మీద నమ్మకం లేకపోవడం అని అనుకోవద్దు.

అపోహ: అర్జీ పెడితే కన్నకొడుకును జైల్లో వేస్తారు.

ఈ భయంతోనే చాలామంది తల్లులు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోతారు. ట్రిబ్యునల్ అంటే పోలీస్ స్టేషన్ కాదు. ఆర్డీవో స్థాయి అధికారి విచారిస్తారు, లాయరును పెట్టుకోనక్కర్లేదు. ముందుగా ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ కుదర్చడానికి ఒక అధికారికి పంపే వీలుంది. నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి, మరీ అవసరమైతే ఇంకో 30 రోజులు. భరణం నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించవచ్చు. ఆర్డరు వచ్చాక కూడా సరైన కారణం లేకుండా ఎగ్గొడితే నెల వరకు జైలు ఉంది. పెద్దవాళ్లను పూర్తిగా వదిలేయడం వేరే నేరం, దానికి మూడు నెలల వరకు. అర్జీ పెట్టినంత మాత్రాన ఎవరూ జైలుకు పోరు.

నడవలేని వాళ్లు స్వయంగా రానక్కర్లేదు. వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల తరఫున మరొకరు గానీ సంస్థ గానీ అర్జీ ఇవ్వొచ్చు. మాలాంటి వాళ్లకు చట్టం ఇచ్చిన చోటు అది.

అపోహ: కూతుళ్లకు, అమెరికాలో ఉన్నవాళ్లకు ఈ చట్టం వర్తించదు.

కూతుళ్లు, పెద్దవాళ్లైన మనవళ్లు, మనవరాళ్లు అందరికీ బాధ్యత ఉంది. విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ వర్తిస్తుంది. పిల్లలు లేనివాళ్లు, తమ ఆస్తి అనుభవిస్తున్న బంధువులను అడగవచ్చు.

అపోహ: పిల్లల దగ్గరే ఉన్నారు కదా, వాళ్లకేం లోటు?

ఇంటి నిండా మనుషులున్నా రోజంతా ఎవరూ పలకరించని వాళ్లను చూశాను. ఏటీఎం కార్డు కోడలి దగ్గర, ఫోను మనవడి దగ్గర ఉంటాయి. అలాంటి ఇంటికి వెళ్లినప్పుడు పెద్దవాళ్లతో కాసేపైనా విడిగా మాట్లాడాలి. అందరి ముందూ అడిగితే "బాగానే చూస్తున్నారమ్మా" అంటారు. పెద్దవాళ్ల కోసం ఉన్న సహాయ ఫోను, 14567 ఎల్డర్ లైన్ నంబరు చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఇస్తాం. ఫోను ఉచితం, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు.

అపోహ: వాళ్లకేం తెలుస్తుంది, మంచిచెడ్డలు మనమే నిర్ణయించాలి.

కొత్తగా చేరిన పిల్లలు మంచి మనసుతోనే ఈ తప్పు చేస్తారు. నేనూ చేశాను. ఒక మామ్మగారి బాధ విని కోపం ఆగక, ఆవిడ వద్దంటున్నా అర్జీ రాసేశాను. సంతకం పెట్టే ముందు ఆవిడ కాగితాన్ని పక్కకు నెట్టి, "నాకు వాడితో గొడవ వద్దు తల్లీ, నువ్వు వచ్చి కూర్చో చాలు" అన్నారు. అప్పటి నుంచి మా నియమాలు మూడు: వాళ్లు చెప్పకుండా అర్జీ రాయం, ఏటీఎం పిన్ను తెలుసుకోం, వీలునామాకు సాక్షి సంతకం పెట్టం.

ఆ అర్జీ సంతకం లేకుండా మా ఫైల్లోనే ఉంది. ఎప్పుడు కావాలన్నా బయటికి తీస్తామని ఆవిడకు తెలుసు. బుధవారం బుధవారం వెళ్తున్నాం. మొన్న వెళ్తే పప్పుచారు పెట్టి, మనవడి పరీక్షల గురించి చెప్పారు.