నాలుగు సీపీయూల పని ఒక్కదానికి: గొడవ ఎక్కడ మొదలైంది?

రామగుండం వైపు ఓ ఫ్యాక్టరీలో పాత పీఎల్సీ (యంత్రాలను ప్రోగ్రామ్ ప్రకారం నడిపే పారిశ్రామిక కంప్యూటర్) మార్పు మళ్లీ రచ్చకెక్కింది. నాలుగు సీపీయూల ర్యాక్ తీసేసి ఒకే కంట్రోలర్ పెడతామని, ఫ్యాక్టరీని ఆపే ఈ షట్‌డౌన్‌లోనే పని ముగిస్తామని యాజమాన్యం అంటోంది. అంత తొందరైతే కుదరదని మెయింటెనెన్స్ వాళ్లు అంటున్నారు. వైర్లతో కలిపిన స్విచ్‌ల రిలే ప్యానెళ్లు పోయి పీఎల్సీలు వచ్చిన కథ అందరికీ తెలిసిందే. చిక్కంతా ప్రోగ్రామ్‌ను నాలుగు సీపీయూలకు పంచినప్పుడే పడింది.

సీమెన్స్ 1979లో తెచ్చిన సిమాటిక్ ఎస్5 పీఎల్సీల కుటుంబంలో 135యూ పెద్ద ర్యాక్. ఒక్క సీపీయూ వేగం చాలని చోట నాలుగు దాకా పెట్టుకునే వీలుండేది. క్రషర్ ఒకదానికి, కన్వేయర్లు మరోదానికి. కోఆర్డినేటర్ కార్డు వాటికి వంతులవారీగా బస్ (అన్నీ కలిసి వాడే డేటా దారి) ఇచ్చేది. ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియాలంటే ఎక్కువగా ఆ కార్డులోని ఉమ్మడి ఫ్లాగులే (అవును, కాదు అని చెప్పే చిన్న గుర్తులు) దారి.

నాలుగుంటే ఒకటి పోయినా మూడు నడుస్తాయని యూనియన్‌లో కొందరు వాదిస్తున్నారు. ఆ మాట నిలవదు. మామూలు రన్‌లో ఒక సీపీయూ స్టాప్‌లోకి వెళితే మిగతావీ ఆగిపోతాయి. నాలుగు పెట్టింది వేగం కోసమే. ఆ పనంతా ఇప్పటి కంట్రోలర్ ఒక్కటే సునాయాసంగా చేస్తుంది. పాత కార్డు కాలితే కొత్తది దొరకదన్న యాజమాన్యం మాటా నిజమే.

మెయింటెనెన్స్ వాళ్ల భయం వేరు. అది పూర్తిగా సబబైనది. క్రషర్ తిరుగుతోందన్న ఫ్లాగ్ కన్వేయర్ సీపీయూకు కాస్త ఆలస్యంగా అందేది. ఏళ్ల తరబడి ట్రిప్పులు (యంత్రాలు ఉన్నట్టుండి ఆగిపోవడం) తగ్గించడానికి రాత్రి షిఫ్టుల్లో చేసిన సవరణలు ఆ ఆలస్యాన్ని నమ్ముకునే ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఎందుకు చేశారో చెప్పే కామెంట్లు ప్రోగ్రామ్‌లో లేవు. ఒకే కంట్రోలర్‌లో ఆ విలువ వెంటనే కనిపిస్తుంది, లేదా ప్రోగ్రామ్ భాగాలైన బ్లాకుల వరుస మారితే పాత విలువే కనిపిస్తుంది. ఒక యంత్రం తిరిగితేనే ఇంకోటి మొదలవ్వాలన్న స్టార్టింగ్ ఇంటర్‌లాక్ అక్కడే దెబ్బతింటుంది.

1990ల మధ్యలో ఎస్5 తర్వాతి తరం ఎస్7 వచ్చాక పాత ప్రోగ్రామ్‌ను మార్చే కన్వర్టర్ కూడా వచ్చింది. కానీ అది ఇన్‌స్ట్రక్షన్లను మారుస్తుందే తప్ప నాలుగు సీపీయూల మధ్య ఆ టైమింగ్‌ను పట్టుకోలేదు. అందుకే ముందు ప్రతి సీపీయూలో ఉమ్మడి ఫ్లాగుల వివరాలుండే డేటా బ్లాక్ డీబీ1 తెరిచి, ఏ ఫ్లాగ్ ఎవరు రాస్తున్నారో, ఎవరు చదువుతున్నారో జాబితా రాయాలి. తర్వాత పాత ర్యాక్ నడుస్తుండగానే అవే ఇన్‌పుట్లు కొత్త కంట్రోలర్‌కూ ఇచ్చి, దాని అవుట్‌పుట్లు ఫీల్డ్‌కు కలపకుండా రెండింటినీ పోల్చి చూడాలి. సిబ్బంది అడుగుతున్నది ఇదే. ఈ పనికి టెండర్‌లో పైసా కేటాయించలేదు.