గుస్సాడిని ఫోటో తీయాలంటే: అపోహలు - వాస్తవాలు

దీపావళి దగ్గర పడుతుందనగా ఉమ్మడి ఆదిలాబాద్ వైపు కెమెరా బ్యాగులు కదులుతాయి. రాజ్‌గోండులు దీపావళికి జరుపుకునే ఆటపాటల పండగ దండారి, అందులో నెమలి ఈకల టోపీతో ఆడే గుస్సాడీలు ఎవరి కంటికైనా పండగే. 2021లో మర్లవాయి గ్రామానికి చెందిన గుస్సాడి కళాకారుడు కనకరాజుకు పద్మశ్రీ వచ్చాక ఈ తాకిడి ఇంకా పెరిగింది. తాకిడితో పాటే కొన్ని తప్పు నమ్మకాలూ వచ్చాయి.

అపోహ: దీపావళి నాటికి ఏదో ఒక గోండు గూడెం చేరుకుంటే చాలు, ఆట కనిపిస్తుంది.

దండారి ఒక ఊళ్లో స్టేజీ కట్టి ఆడే కార్యక్రమం కాదు. భోగి అనే తొలి పూజతో మొదలై కొలబోడి అనే ముగింపు పూజతో ముగిసే ఈ రోజుల్లో ఒక ఊరి బృందం మరో ఊరికి చుట్టంగా వెళ్తుంది, అక్కడ ఆ రాత్రి ఉంటుంది. మీరు చేరిన ఊరి బృందం ఆ రోజే పొరుగూరికి బయల్దేరి ఉండొచ్చు. అప్పుడు మీకు దొరికేది ఖాళీ వాకిలి. అందుకే ముందుగా ఊరి పెద్ద అయిన పటేల్‌తో మాట్లాడి రెండు సంగతులు అడగాలి: ఆ రోజు బృందం బయటికి పోతోందా, లేక బయటి బృందం లోపలికి వస్తోందా? బయటి బృందం వచ్చే ఊరికే వెళ్లండి. పొలిమేరలో ఎదుర్కోలు, పలకరింపులు, రాత్రి ఆట, మర్నాటి వీడ్కోలు అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి.

తేదీ అమావాస్యను బట్టి ఏటా మారుతుంది. ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు మండలాల్లో ఏదో ఒక గూడేన్ని పట్టుకుని రెండు రాత్రులు అక్కడే ఉండటం, రోజుకో ఊరు తిరగడం కన్నా వంద రెట్లు నయం. ఇది కవ్వాల్ అడవి పరిసరం. చీకట్లో దారి వెతుక్కునే ప్రయాణం పెట్టుకోకండి.

అపోహ: నెమలి ఈకలు కదా, ఏ వెలుతురులో తీసినా రంగులే రంగులు.

ఎక్కువ ఫోటోలు పాడయ్యేది ఇక్కడే. నెమలి ఈకలోని నీలం, పచ్చ అద్దిన రంగు లాంటివి కావు. ఈకలోని సూక్ష్మ నిర్మాణం మీద వెలుతురు పడి తిరిగి వచ్చినప్పుడే ఆ రంగులు పుడతాయి, కోణం మారితే మారిపోతాయి. సూర్యుణ్ని గుస్సాడి వెనక పెట్టి తీస్తే టోపీ అంచు మెరుస్తుంది కానీ ఈకలు ముదురు గోధుమరంగు చీపురులా వస్తాయి. ఆ తర్వాత కంప్యూటర్‌లో శాచురేషన్ ఎంత పెంచినా వచ్చేది మురికి రంగే. వెలుతురు మీ భుజం మీదుగా, పక్కనుంచి సుమారు 45 డిగ్రీల కోణంలో పడేలా నిలబడండి. రెండడుగులు అటూ ఇటూ జరిగి ఈక కళ్లు వెలిగే చోటు చూసుకోండి. ఆ రోజుల్లో సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. చుట్టాల బృందం పొద్దు వాలాక వస్తే మీ చేతిలో ఉండేది అరగంట వెలుగే. మర్నాడు ఉదయం వెలుతురు ఇంకా నమ్మకమైనది.

ఎక్స్‌పోజర్‌లో మరో చిక్కు ఉంది. ఒంటి నిండా బూడిద, మసి పూసుకున్న మనిషి ఫ్రేము నిండా ఉంటే కెమెరా చీకటి అనుకుని వెలుగు పెంచేస్తుంది, ఈక కళ్లు తెల్లబోతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ 0.7 దగ్గర మొదలుపెట్టండి. వెనక ఆకాశం ఉంటే కథ తిరగబడి ముఖం నల్లబడుతుంది. రా (RAW) ఫైల్‌లో తీస్తే రెండింటినీ కొంత సర్దుకోవచ్చు.

అపోహ: 70-200 లెన్స్‌తో దూరం నుంచి తీస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

దూరం నుంచి దొంగచాటుగా తీసేవాడే ఊరివాళ్లకు ఎక్కువ ఇబ్బంది. పైగా ఆట వలయంగా సాగుతుంది, చుట్టూ జనం ఉంటారు, మీకు దక్కేవి వీపులే. పెద్దలకు రాం రాం చెప్పి, అనుమతి తీసుకుని, లోపలి వరసలో కూర్చుని 35 ఎం.ఎం. లెన్స్‌తో తీయండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాను నిలువుగా పట్టుకుంటే 3 మీటర్ల దూరంలో సుమారు 3 మీటర్ల ఎత్తు పడుతుంది, టోపీతో సహా మనిషి ఇమిడిపోతాడు. 50 ఎం.ఎం.తో అదే దూరంలో పట్టేది 2.2 మీటర్లలోపే, ఈకలు తెగిపోతాయి. తెగిన టోపీ ఫోటోలు ఇప్పటికే చాలా ఉన్నాయి. అడుగులు గాల్లో ఆగాలంటే షట్టర్ 1/500 సెకను, తిరుగుడు కనిపించాలంటే 1/30 పెట్టి కెమెరాను ఆటగాడితో పాటు తిప్పండి.

అపోహ: రాత్రి ఆటకు ఫ్లాష్ తప్పనిసరి.

టోపీ మీద అద్దాలు, చమ్కీ కాగితాలు ఉంటాయి. ఎదురు ఫ్లాష్ వాటి మీద పడి తెల్ల మచ్చలుగా మారుతుంది, వెనకున్న ఊరంతా నల్లగా మాయమవుతుంది. ఆడేవాళ్ల కళ్లలో పడటం సరేసరి. ఎఫ్/1.8 లేదా ఎఫ్/2 లెన్స్, ఐఎస్‌ఓ 3200 నుంచి 6400, షట్టర్ 1/100 చాలు. 1/100 ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా బల్బులు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. సైలెంట్ షట్టర్ వాడితే ఫోటోలో అడ్డ చారలు పడతాయి, మెకానికల్ షట్టరే వాడండి. ఒక పక్క చల్లటి తెల్ల బల్బు, మరో పక్క నెగడు ఉన్నప్పుడు వైట్ బ్యాలెన్స్‌ను ఆటోకి వదలకండి. ఏదో ఒకదానికి కట్టుబడితే మంట ఎర్రగా, మనుషులు మనుషుల్లా ఉంటారు. చలికి బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి, అదనపు జత చొక్కా లోపలి జేబులో ఉండాలి.

అపోహ: గుస్సాడి అంటే వేషం, అడిగితే పోజిస్తారు.

గుస్సాడి దీక్షలో ఉంటాడు. ఆ రోజుల్లో స్నానం చేయడు, ఒంటి మీది బూడిద కడుక్కోడు. ఆ రూపంలో దైవం ఉందని ఊరు నమ్ముతుంది. ముఖం తుడుచుకుని రమ్మనడం, టోపీ తీసి చూపించమనడం, ఒకసారి పెట్టుకుంటాననడం మూడూ అపచారాలే. టోపీకి పూజ చేస్తున్నప్పుడు కెమెరా దించి ఉంచండి. దేవారి, అంటే పూజారి, సరే అంటేనే ఎత్తండి. పోజుకు ఇంతని ఒక్కరి చేతిలో డబ్బు పెడితే మర్నాడు వచ్చే ఫోటోగ్రాఫర్‌కూ, ఊరికీ మధ్య బేరం మొదలవుతుంది. ఇవ్వాలనుకున్నది పటేల్ ముందు, బృందం మొత్తానికి ఇవ్వండి.

అపోహ: నాగోబా జాతర కూడా ఇలాంటిదే, అదే ప్లాన్ పనికొస్తుంది.

పనికిరాదు. నాగోబా గుడి ఉన్న కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య రాత్రి జరిగేది గోండుల్లోని మెస్రం వంశీయుల పూజ. గోదావరి జలం తేవడానికి వాళ్లు కాలినడకన జన్నారం వైపు హస్తినమడుగు దాకా వెళ్లివస్తారు, మంచి ఫోటోలు ఆ నడకలోనే ఉన్నాయి. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్‌లో వాళ్లు ముసుగులో ఉంటారు. ముసుగు కింది ముఖం కోసం లెన్స్‌ను కిందినుంచి గురిపెట్టడం మర్యాద కాదు.

అపోహ: నెమలి ఈకల టోపీని జ్ఞాపకంగా కొనుక్కుని అమెరికా తీసుకెళ్లొచ్చు.

అది అమ్మే వస్తువు కాదు. ఎవరైనా ఇచ్చినా, నెమలి ఈకల ఎగుమతిపై మన దేశంలో నిషేధం ఉంది, విమానాశ్రయంలో చిక్కుకుంటారు. మళ్లీ ఆ గూడేనికి వెళ్లేటప్పుడు మీరు మాత్రం వాళ్ల కోసం ఫోటోలు తీసుకెళ్లండి. ఫోన్‌లో పంపినవి కాదు, 8×10 సైజులో అచ్చు వేయించి లామినేషన్ చేసినవి. బృందంలో ఎంతమంది ఉన్నారో ముందే లెక్కపెట్టుకోండి, ఒక్కరికి తక్కువైనా బాగోదు.