విటమిన్ ఎ ఒంటరిగా ప్రయాణించదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

కోనసీమలో జీవరసాయన పరీక్షల ల్యాబ్ నడుపుతున్న నన్ను విటమిన్ ఎ గురించి అడిగేవారందరూ ఏం తినాలి, ఎంత తినాలి అనే అడుగుతారు. తిన్నది కణం దాకా ఎలా చేరుతుందని అడిగేవారు అరుదు. రెటినాల్ అనే ఈ విటమిన్ కొవ్వులో కరుగుతుంది, నీటిలో కరగదు. రక్తంలోనూ కణంలోని ద్రవంలోనూ అధికభాగం నీరే. అందుకే పేగు మొదలుకొని కంటిలోని రెటినా వరకు దాదాపు ప్రతి మజిలీలోనూ ఏదో ఒక ప్రోటీన్ దాన్ని తన గర్భంలోని గుంటలో ఇముడ్చుకొని మోయాలి. మన ప్రాంతంలో నేను తరచుగా వినే అపోహలు చాలావరకు ఈ మోసే ప్రోటీన్లను మరచిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: రోజూ ఆకుకూర పెడితే రేచీకటి రాదు.

వాస్తవం: కొన్నేళ్ల క్రితం అంబాజీపేట వైపు నుంచి ఒక తల్లి మూడేళ్ల బాబును తీసుకొచ్చింది. దీపాలు పెట్టే వేళకు పెరట్లో గేదెను కట్టిన పలుపు కనబడక, కాలికి తట్టుకొని పడిపోతున్నాడట. "రోజూ తోటకూరే పెడుతున్నానండి, అయినా ఇలాగే ఉన్నాడండి" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె చెప్పింది నిజమే. కానీ బిడ్డ పాదాలు ఉబ్బి ఉన్నాయి. వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపటికి గాని పూడలేదు. వారాల తరబడి విరేచనాలు. అరగదేమోనన్న భయంతో పప్పు, గుడ్డు, చేప మాన్పించి, నూనె చుక్క వేయకుండా ఉడికించిన కూరే పెడుతున్నారు.

ఆకులో విటమిన్ ఎ నేరుగా ఉండదు, ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ అనే రంగు పదార్థం ఉంటుంది. అది పేగు గోడలోకి ఇంకాలంటే తిండిలో కొంత కొవ్వు ఉండాలి. పేగు కణంలో ఒక ఎంజైము దాన్ని నడిమికి చీల్చి రెటినాల్డిహైడ్‌గా మారుస్తుంది. అక్కడే ఉండే రెండో రకం సెల్యులార్ రెటినాల్ బైండింగ్ ప్రోటీన్ దాన్ని పట్టుకొని, రెటినాల్‌గా మారేందుకూ, ఆపై కొవ్వు ఆమ్లంతో జతకూడేందుకూ తోడ్పడుతుంది. అలా జతకూడిన రూపాలే ఎస్టర్లు. అవి శోషరసం (లింఫ్) మీదుగా కాలేయానికి చేరి, అక్కడ విటమిన్ ఎను దాచుకునే స్టెల్లేట్ కణాల్లోని కొవ్వు బిందువుల్లో నిల్వ ఉంటాయి. అక్కడి నుంచి రెటినాల్ రక్తంలోకి రావాలంటే కాలేయం రెటినాల్ బైండింగ్ ప్రోటీన్‌ను తయారుచేయాలి. ఒక్కో ప్రోటీన్ ఒక్క రెటినాల్ అణువునే మోస్తుంది. సుమారు 21 కిలోడాల్టన్ల (అణువుల బరువును కొలిచే ప్రమాణం) చిన్న ప్రోటీన్ కావడంతో, మూత్రపిండాల వడపోతలో జారిపోకుండా తనకంటే పెద్దదైన ట్రాన్స్‌థైరెటిన్ అనే మరో ప్రోటీన్‌ను ఆనుకొని తిరుగుతుంది. ఆహారంలో మాంసకృత్తులు కొరవడితే ఈ రెండూ తగ్గిపోతాయి, ఉన్న కాస్త నిల్వ కూడా కాలేయంలోనే చిక్కుకుపోతుంది. 1973లో వెలువడిన ఒక అధ్యయనంలో, పోషకాహార లోపంతో ఉన్న ఈజిప్టు పిల్లలకు మాంసకృత్తులూ కేలరీలూ ఉన్న ఆహారం ఇచ్చినప్పుడు, విటమిన్ ఎ వేరుగా ఇవ్వకపోయినా రక్తంలో దాని స్థాయి పెరిగింది.

ఇది చదివి మందు అక్కరలేదని ఎవరూ అనుకోకూడదు. ఆ బాబుకు వైద్యులు మొదటి రోజు, మరుసటి రోజు, రెండు వారాల తరువాత విటమిన్ ఎ మోతాదులిచ్చారు. పప్పూ, గుడ్డూ, కూరలో చెంచాడు నూనే మళ్లీ మొదలుపెట్టించారు.

అపోహ: రక్తపరీక్షలో రెటినాల్ బాగుంటే నిల్వలు బాగున్నట్టే, తగ్గితే లోపం ఉన్నట్టే.

వాస్తవం: నిల్వలు అడుగంటే దాకా కాలేయం రక్తంలోని స్థాయిని నిలకడగా ఉంచుతుంది కాబట్టి మంచి అంకె చూసి నిశ్చింతగా ఉండలేము. లీటరుకు 0.7 మైక్రోమోల్ కంటే తగ్గితే లోపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానం. కానీ జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు మోసే ప్రోటీన్ తగ్గి, నిల్వలున్నా అంకె పడిపోతుంది. అందుకే గోదావరి వరదల తరువాత జ్వరాల రోజుల్లో వచ్చిన నమూనాలతో సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్) కూడా చూడమని నేను పట్టుబడతాను. వెలుతురుకు రెటినాల్ చెడిపోతుంది కనుక గొట్టానికి అల్యూమినియం రేకు చుట్టి పంపమని కూడా అడుగుతాను.

రెటినాల్ కొరత ఉన్నప్పుడు ఈ ప్రోటీన్ కాలేయంలో ఖాళీగా పోగుపడి ఎదురుచూస్తుంది. చిన్న మోతాదు ఇచ్చిన 5 గంటల తరువాత రక్తంలో స్థాయి 20 శాతానికి మించి పెరిగితే నిల్వలు తక్కువని గుర్తించే పరీక్షకు ఆధారం ఇదే.

అపోహ: కొబ్బరిలో విటమిన్ ఎ పుష్కలం.

వాస్తవం: దాదాపు లేదు. కొబ్బరినూనె కెరోటిన్ ఇంకడానికి కొవ్వుగా మాత్రమే పనికొస్తుంది.

అపోహ: మామిడిపండ్ల కాలంలో అరచేతులు పసుపెక్కితే విటమిన్ ఎ విషమైనట్టు.

వాస్తవం: అది కెరోటిన్ రంగు. శరీరంలో విటమిన్ చాలినంత ఉంటే చీల్చే ఎంజైము నెమ్మదిస్తుంది. కనుగుడ్డు తెల్లగానే ఉందో లేదో చూడండి; అదీ పచ్చబడితే కామెర్ల పరీక్ష అవసరం.

అపోహ: విటమిన్ ఎ ద్రావణం ఎంత ఎక్కువ పోస్తే అంత మేలు.

వాస్తవం: 9 నెలల వయసులో లక్ష యూనిట్లు, ఆపై అయిదేళ్ల వరకు ఆరేసి నెలలకు 2 లక్షల యూనిట్లు అన్న క్రమం కాలేయపు నిల్వను లెక్కలోకి తీసుకొని పెట్టినదే. అది మించితే, మోసే ప్రోటీన్ అదుపు దాటిన ఎస్టర్లు రక్తంలోని కొవ్వు రేణువులతో కలిసి కణాలకు చేరి వాటి పొరలను దెబ్బతీస్తాయి. తలనొప్పి, వాంతులు, పసివారిలో మాడు ఉబ్బడం తొలి సూచనలు.

అపోహ: ఇది కంటికి మాత్రమే పనికొచ్చే విటమిన్.

వాస్తవం: అనేక కణాల్లో రెటినాల్ రెటినాయిక్ ఆమ్లంగా మారుతుంది, దాన్ని మరో బంధక ప్రోటీన్ కేంద్రకంలోని గ్రాహకాలకు అందించగా, అవి జన్యువులను మేల్కొలుపుతాయి, నిద్రపుచ్చుతాయి. గర్భస్థ శిశువు అవయవాలు రూపుదిద్దుకునేటప్పుడు ఈ ఆమ్లం ఎక్కడ ఎంత ఉండాలో అంతే ఉండాలి. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ మాత్ర ఈ ఆమ్లానికి దగ్గరి చుట్టం. రెటినాల్‌ను మోసే ప్రోటీన్ కాపలా దానికి వర్తించదు. గర్భవతులు దాన్ని ముట్టకూడదు. వాడుతున్న స్త్రీలు మానిన తరువాత కూడా కనీసం ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి.