సోలార్ పెడితే తగ్గేది బొగ్గు, ఆయిల్ తగ్గాలంటే చక్రం మారాలి

శ్రీకాకుళంలో ఈమధ్య ఏ వీధిలో చూసినా రెండు మూడు మేడల మీద సోలార్ పలకలు కనిపిస్తున్నాయి, 2024లో సెంటర్ వాళ్ళు పెట్టిన సూర్యఘర్ స్కీములో మూడు కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ వస్తుంది కదా, రిటైరైన మాస్టార్లు, బ్యాంకోళ్ళు బాగానే పెట్టించుకుంటున్నారు. మూడు కిలోవాట్లకి రోజుకి పన్నెండు యూనిట్ల దాకా వస్తాయి, ఏసీ లేని ఇంటికి అది ఎక్కువే. మంచిదే. కాకపోతే పెట్టించుకున్నాయన పలకల కేసి చూపించి "ఇంకేటి బాబూ, అరబ్బుల ఆయిల్‌తో మనకి పన్లేదు" అంటాడు చూడండి, లెక్క అక్కడే తప్పుతుంది. ఆ పలకల వల్ల మిగిలేది బొగ్గు. కింద స్టాండేసి ఉన్న ఆయన స్కూటర్ మటుకు నిన్న తాగినంత పెట్రోలే ఇవాళా తాగుతుంది.

ఎందుకంటే మన దేశంలో కరెంటు తయారీలో వందకి డెబ్బై వంతుల పైన బొగ్గుదే, మిగతాది నీళ్ళు, ఎండ, గాలి, అణు, కొంచెం గ్యాస్. డీజిల్ కాల్చి చేసే కరెంటు ఒక్క శాతం కూడా ఉండదు, అదీ అండమాన్ లాంటి దీవుల్లో. మన వైపు సంగతే చూడండి, 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ మొదలైంది, ఆ తర్వాత సీలేరు వచ్చింది, అదీ నీళ్ళే, తర్వాత పరవాడలో సింహాద్రి, అది బొగ్గు. ఆయిల్ ఎక్కడా లేదు. బొగ్గు తగ్గడం చిన్న విషయం అని నేననను, 2010లో సోంపేట బీలలో, 2011లో కాకరాపల్లిలో థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు పోలీసు కాల్పుల్లో మనుషులే పోయిన జిల్లా ఇది. కానీ అది వేరే జబ్బు, ఆయిల్ దిగుమతి వేరే జబ్బు, ఒకదాని మందు రెండోదానికి పనిచెయ్యదు.

ఈ గందరగోళం ఎక్కడ్నుంచి వచ్చిందంటే 1973 నుంచి అనుకుంటాను. అప్పుడు అరబ్ దేశాలు ఆయిల్ ఆపేసరికి బ్యారెల్ మూడు డాలర్ల దగ్గర్నుంచి కొన్ని నెలల్లో పన్నెండుకి పోయింది, యూరప్ దేశాలు వణికిపోయాయి. డెన్మార్క్ అయితే వాడే ఇంధనంలో తొంభై శాతం దాకా ఆయిలే, కరెంటు కూడా ఎక్కువ దాంతోనే. ఫ్రాన్స్‌లోనూ కరెంటు తయారీకి ఆయిల్ చాలా కాల్చేవాళ్ళు. కాబట్టి ఫ్రాన్స్ 1974లో అణు రియాక్టర్ల మీద పడితే, డెన్మార్క్ ముందు బొగ్గుకి మారి తర్వాత గాలిమరలు పెడితే నిజంగానే ఆయిల్ తగ్గింది. వాళ్ళ కథ చదివి మనం కూడా ఎండ, గాలి, కొవ్వాడలో అణు కేంద్రం అని వరసపెట్టి చెప్పేస్తే ఆయిల్ తగ్గిపోదు, మన ప్లాంట్లలో తగ్గడానికి ఆయిల్ అసలుంటే కదా.

మరి ఎక్కడుంది? రోడ్డు మీదుంది, వంటింట్లో గ్యాస్ బండలో ఉంది, విమానంలో, పడవ ఇంజన్లో, రోడ్డుకేసిన తారులో ఉంది. మనం వాడే ముడిచమురులో 85 శాతం పైన బయట్నుంచే కొంటున్నాం. 1990లో కువైట్ మీద ఇరాక్ పడి ఆయిల్ ధర ఎగిరిపోయినప్పుడు ఏమైందో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మరుసటేడు డాలర్లు లేక 47 టన్నుల బంగారం తాకట్టు పెట్టాం. మళ్ళీ అలాంటి కష్టమొస్తే వాడుకోడానికని విశాఖపట్నంలో కొండ కింద రాయి తొలిచి పెద్ద పెద్ద సొరంగాలు కట్టి పదమూడు లక్షల టన్నుల పైచిలుకు క్రూడ్ దాచారు. ఇంత చేస్తే విశాఖ, మంగళూరు, పాడూరు మూడూ నిండా ఉన్నా దేశానికి తొమ్మిది పది రోజులు వస్తుంది, అంతే.

ఇంకో మెలిక ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మన బంకులకి దగ్గర్లో ఉన్నది విశాఖ రిఫైనరీ, 1957లో కాల్టెక్స్ వాళ్ళు మొదలెట్టినది, ఇప్పుడు హెచ్‌పీసీఎల్‌ది. అక్కడ క్రూడ్‌ని వేడిచేసి పొడుగాటి టవర్లోకి పంపిస్తే తేలికైనవి పైకి, బరువైనవి కిందకి విడిపోతాయి. పైన గ్యాస్, తర్వాత పెట్రోలు, నాఫ్తా, తర్వాత కిరసనాయిలు, విమానాల ఆయిల్, తర్వాత డీజిల్, అడుగున తారు. ఉద్దానంలో కొబ్బరికాయ లాగన్నమాట, నీళ్ళు నాకొద్దు గుజ్జే కావాలి అన్నా కాయ మొత్తం దింపాల్సిందే. దేశంలో వాడే పెట్రోలియం సరుకులో వందకి నలభై వంతుల దాకా డీజిల్, పెట్రోలు ఓ పదహారు. రేపు స్కూటర్లన్నీ ఎలక్ట్రిక్ అయిపోయి లారీలు డీజిల్ మీదే ఉన్నాయనుకోండి, ఆ డీజిల్ కోసం క్రూడ్ కొనాల్సిందే, మిగిలిన పెట్రోలు ఎవరికో అమ్ముకోవాలి. రిఫైనరీలో పాళ్ళు కొంత అటూ ఇటూ మార్చొచ్చు కానీ ఇష్టమొచ్చినట్టు కుదరదు. అందుకని మన అసలు శత్రువు డీజిల్.

డీజిల్ మీద మొదట దెబ్బేసింది ఎవరంటే ఆటో వాళ్ళు, నన్నడిగితే. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నిలబడి చూడండి, గుడగుడమని పొగొదిలే పాత ఆటోల మధ్య చప్పుడు లేకుండా జారిపోయేవి కనిపిస్తాయి. ఒకాయన్ని లెక్క అడిగాను. "డీజిల్ బండప్పుడు వచ్చిందాన్లో సగం బంకోడికే అన్నియ్యా, ఇప్పుడైతే రేత్రి ఇంటికాడ పెట్టీసి పొద్దున్న తీసీడమే, ఫైనాన్సు వాయిదా కట్టినా ఏదో మిగుల్తంది" అన్నాడు. ఇందులో పర్యావరణం మాట ఒక్కటి కూడా లేదు, అవసరం కూడా లేదు.

ఆ మిగులు ఎక్కడ్నుంచి వస్తుందో చూద్దాం. డీజిల్ లీటర్లో దాదాపు పది యూనిట్ల శక్తి ఉంటుంది, కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. ఆటో లీటరుకి ముప్ఫై కిలోమీటర్లు ఇచ్చిందనుకుంటే వంద కిలోమీటర్లకి ముప్ఫైమూడు యూనిట్లు కాల్చినట్టు. అదే సైజు ఎలక్ట్రిక్ ఆటో వంద కిలోమీటర్లు తిరగడానికి ఛార్జింగ్‌లో పోయేది కూడా కలుపుకుంటే ఎనిమిది యూనిట్లు చాలు. తేడా అంతా వేడి. ఇంజన్ అనేది ఎంత బాగా తయారుచేసినా మంటలోని వేడిలో కొంతే చక్రానికిచ్చి, ఆటోలో అయితే పావో పరకో, మిగతాది సైలెన్సర్లోంచీ రేడియేటర్లోంచీ బయటికి తోసేస్తుంది, ఇది తయారీలో లోపం కాదు, వేడిని కదలికగా మార్చే ఏ యంత్రానికైనా భౌతికశాస్త్రం పెట్టిన హద్దు. మోటారు అలా కాదు, అక్కడ మంటే లేదు, అయస్కాంతం తిప్పుతుంది, లోపలికెళ్ళిన వందలో ఎనభై ఐదు, తొంభై చక్రానికి చేరతాయి. బ్రేకేస్తే కొంత తిరిగి బ్యాటరీకి కూడా వస్తుంది.

ఇక్కడ తెలివైనవాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు, ఆ ఎనిమిది యూనిట్లు బొగ్గు నుంచే కదా వచ్చేవి, థర్మల్ ప్లాంటులో మాత్రం వేడి పోదా అని. పోతుంది, మూడొంతుల్లో రెండొంతులు అక్కడే పోతుంది. ఎనిమిది యూనిట్లకి ఇరవై మూడు, ఇరవై నాలుగు యూనిట్ల బొగ్గు వేడి కావాలి, లైన్లలో పోయేది వేరే. అయినా డీజిల్ కంటే తక్కువే, పైగా ఆ బొగ్గులో ఎక్కువ భాగం మన సింగరేణిది, తాల్చేరుది, గల్ఫ్ ఆయిల్ ఓడలు వచ్చే హోర్ముజ్ జలసంధి దాటి రానక్కర్లేదు. ఎండ నుంచి తీస్తే ఆ వేడి గొడవే లేదు. మేడ మీది పలక ఆయిల్‌ని తగ్గించేది ఇలాంటి చోటే, కింద బండి కూడా కరెంటుదైనప్పుడు. 2023లో ఎలక్ట్రిక్ మూడుచక్రాల బళ్ళ అమ్మకాల్లో మన దేశం చైనాని దాటి ప్రపంచంలో మొదటి స్థానానికొచ్చింది, ఏడాదిలో అయిదు లక్షల ఎనభై వేలకి పైగా అమ్ముడయ్యాయి. కార్ల గురించి రోజూ వార్తలొస్తాయి గానీ ఈ సంగతి ఎవరికీ పట్టలేదు.

లారీల సంగతి అంత సులువు కాదు. మడపాం టోల్‌గేట్ దగ్గర కాసేపు నిలబడితే కలకత్తా నుంచి చెన్నై దాకా పోయే లారీల వరస తెగదు, డీజిల్ అంతా అక్కడుంది. నలభై టన్నుల లారీకి కిలోమీటరుకి యూనిట్టున్నర దాకా కావాలి, నాలుగొందల కిలోమీటర్లకి ఆరొందల యూనిట్లు, అంత బ్యాటరీ అంటే మూడున్నర నాలుగు టన్నుల బరువు, ఆ మేరకి సరుకు తగ్గినట్టే. బ్యాటరీలు ఏటేటా తేలికవుతున్నాయి, అవుతాయి కూడా. కానీ ఆ హైవేకి కాస్త పక్కనే, ఇచ్ఛాపురం, పలాస, ఆమదాలవలస, విజయనగరం మీదుగా హౌరా-చెన్నై రైలు లైను పోతోంది, పైన కరెంటు తీగ ఎప్పట్నుంచో ఉంది. రైలుకి బ్యాటరీ మొయ్యాల్సిన పనే లేదు. దేశంలో బ్రాడ్‌గేజ్ దాదాపు మొత్తం కరెంటుకి మారిపోయింది. ఎస్.కోట దాటి ఘాట్‌లో కొత్తవలస-కిరండూల్ లైను, కేకే లైను అంటారు, ఉంది చూడండి, పైనుంచి ఇనుప ఖనిజంతో దిగే రైలుకి కొత్తరకం త్రీఫేజ్ ఇంజన్లు తగిలిస్తే బ్రేకేసినప్పుడు మోటారే జనరేటరయిపోయి కరెంటుని తీగలోకి తిరిగి పంపిస్తుంది, కొండెక్కే ఇంకో రైలు దాన్ని వాడుకుంటుంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో సరుకులో ఎనభై శాతం పైన రైలు మీదే వెళ్ళేది, ఇప్పుడు మూడో వంతు కూడా లేదు, లారీకెళ్ళిపోయింది. ఆ లారీ సరుకు మళ్ళీ వ్యాగనెక్కితే మిగిలే డీజిల్ ఏ కొత్త కనిపెట్టుడుతోనూ మిగలదు. కాకపోతే చెప్పిన రోజుకి సరుకు చేరుతుందన్న నమ్మకం రైలు మీద షావుకార్లకి లేదు, అది సైన్సుతో తీరే సమస్య కాదు.

ఇథనాల్ గురించి నాకు పెద్ద మోజు లేదు. 2014లో పెట్రోల్లో ఒకటిన్నర శాతం కలిపేవాళ్ళం, 2025కి ఇరవైకి వచ్చాం, గొప్పే. బ్రెజిల్ 1975లోనే చెరకుతో ఇది మొదలెట్టింది. కానీ లీటరుకి లీటరు చూస్తే ఇథనాల్లో పెట్రోలు కన్నా మూడో వంతు శక్తి తక్కువ, పైగా అది పెట్రోల్లో కలిపేది, డీజిల్‌ని ముట్టుకోదు. చెరకుతో చేస్తే ఒక లీటరుకి రెండువేల ఎనిమిదొందల లీటర్ల పైన నీళ్ళు కావాలని నీతి ఆయోగ్ లెక్కే చెప్తోంది. మొక్కజొన్నతో చేద్దామంటే, మన వైపు జిల్లాల్లో రబీలో బాగానే పండిస్తాం, రేటు పెరిగి రైతుకి మంచిదే అయింది, కానీ కోళ్ళ దాణాకి కరువొచ్చి మొక్కజొన్న ఎగుమతి చేసే దేశం 2024లో దిగుమతి చేసుకుంది. పొలమ్మీద పడే ఎండలో చెరకు పట్టుకునేది వందకి ఒక వంతు, అదే సోలార్ పలక ఇరవై వంతులు. ఒకే ఎకరంతో బండి నడపాలంటే ఏది మేలో ఎవరైనా చెప్తారు. చెరకు పిప్పి, ఊక, జీడితొక్క లాంటివి వేరే, అవి ఎలాగూ ఉన్నవే, పలాస జీడి ఫ్యాక్టరీల్లో తొక్కని బాయిలర్లో కాలుస్తూనే ఉన్నారు.

మత్స్యకారులకి మటుకు ఇప్పుడప్పుడే దారి లేదు. ఫైబర్ తెప్ప మీద కిలో డీజిల్ అంటే పన్నెండు యూనిట్ల దాకా శక్తి, కిలో బ్యాటరీ అంటే యూనిట్‌లో పావు కూడా కాదు. మోటారు మెరుగ్గా వాడుకుంటుందన్న మాట కలిపినా పదిహేనింతలు, ఇరవయ్యింతలు బరువు తేడా మిగులుతుంది, ఆ బరువేసుకుని భావనపాడు అలలు దాటమంటే దాటరు, వలా చేపా ఎక్కడ పెడతారు. విమానాలకీ ఇదే ఇబ్బంది. వీటికి ఆయిల్ ఉండనీ, మిగతావి తగ్గితే వీటికి సరిపడా ఆయిల్ మన దేశంలోనే తీసుకోగలం.

ఇక తుఫాను. మన జిల్లాల్లో కరెంటు బండి అనగానే ఎవరైనా అడిగే మొదటి మాట ఇదే, న్యాయమే కూడా. 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల తిత్లీ వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడి, కరెంటు స్తంభాలు కలిపి పడగొట్టేసింది, చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అప్పుడు జనరేటర్లే దిక్కు, అంటే డీజిలే. మేడ మీద పలకలున్నాయి కదా అంటారా, మామూలుగా పెట్టే, ఊరి లైనుకి కలిపి ఉండే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్లు లైనులో కరెంటు పోగానే రెండు సెకన్లలో వాటంతటవే ఆగిపోతాయి, ఎండ మండిపోతున్నా సరే. తెగిన తీగ పట్టుకుని పనిచేసే లైన్‌మేన్‌కి ఏదో ఇంటి మేడ మీంచి వచ్చిన కరెంటు కొట్టకుండా కావాలనే అలా చేశారు. ఇంట్లోకైనా వాడుకోవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరూ బ్యాటరీ కావాలి, ఖర్చు ఎక్కువ. ప్రతి ఇంటికీ కుదరదు కానీ ఊరి మంచినీళ్ళ ట్యాంకుకీ పీహెచ్‌సీకీ పంచాయతీ ఆఫీసుకీ పెట్టడానికి అంతేం కాదు. బంకులోనూ పంపు కరెంటుతోనే నడుస్తుంది, అక్కడా జనరేటర్ లేకపోతే భూమిలో డీజిలుండీ లాభం లేదు.

బ్యాటరీలు చైనా నుంచి కదా, అరబ్బుల్ని వదిలి వీళ్ళని పట్టుకున్నట్టే కదా అంటే, కొంతవరకు నిజం. తేడా ఏంటంటే ఆయిల్ ఇవాళ ఆపితే కొన్నాళ్ళకే బళ్ళు ఆగుతాయి, బ్యాటరీలు ఆపితే కొత్త బళ్ళు రావు గానీ ఉన్నవి ఏళ్ళపాటు తిరుగుతాయి, చచ్చాక లోహం కరిగించి మళ్ళీ వాడుకోవచ్చు. నేపాల్ని చూడండి, 2015లో సరిహద్దు దగ్గర దిగ్బంధం జరిగి పెట్రోలుకి, గ్యాసుకి నెలల తరబడి అల్లాడిపోయారు, ఇప్పుడు అక్కడ అమ్ముడయ్యే కొత్త కార్లలో సగానికి పైగా ఎలక్ట్రిక్, కరెంటు ఎక్కువగా వాళ్ళ నదులదే.

మన దగ్గర ఇంకా కుదరనిది టైము. ఆటోలన్నీ రాత్రి పెడుతున్నారు, రాత్రి కరెంటు బొగ్గుది. ఎండ కరెంటు పొద్దున్న పది నుంచి మూడింటి దాకా పొంగిపోతుంది, ఒక్కోసారి వాడేవాళ్ళు లేక ప్లాంట్లని తగ్గించమంటున్నారు. మన ఆటోలు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటిదాకా బేరాల్లేక చెట్టు కింద ఖాళీగా ఉంటాయి. ఆటో స్టాండ్లో, ఆర్టీసీ కాంప్లెక్సుల దగ్గర నాలుగు ఛార్జింగ్ పాయింట్లు పెట్టి ఆ రెండు గంటలు యూనిట్ సగం రేటుకిస్తే చాలు, కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు.