కోతల కాలం, బడి కాలం

గుంటూరు వైపు జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి కోతలు. బడిలో పాఠాలు పూర్తయి పరీక్షలు జరిగేదీ ఆ నెలల్లోనే. పల్లెల్లో చదువు అందకపోవడానికి పేదరికం, కులం, ఆడపిల్లకు చదువెందుకనే మాట, ఇలా చాలా కారణాలున్నాయి. నాకు మాత్రం ఈ రెండు కాలాల పేచీయే అన్నిటికన్నా గట్టిగా కనిపిస్తుంది.

అక్షరమంటే ప్రాణం పెట్టిన నేల ఇది. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం పుట్టింది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో గ్రంథాలయ సభ అక్కడే జరిగింది. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు గుంటూరులో ఆడపిల్లల కోసం శారదానికేతనం పెట్టారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువలో పడవ మీదే గ్రంథాలయం నడిపారు. ఎంత గొప్ప ఆలోచన! కానీ పుస్తకం అందింది చదవడం వచ్చినవాళ్లకే. 1961 నాటికి కూడా ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యులు 21 శాతం, ఆడవాళ్లలో 12 శాతం.

కృష్ణా డెల్టాకు 1855 నాటికే ఆనకట్ట నీళ్లొచ్చాయి, వాటి వెంట డబ్బూ బడులూ వచ్చాయి. గుంటూరుకు పడమటనున్న పల్నాడు 1967లో సాగర్ కాలువలు తెరిచేదాకా ఆగింది. 2011 లెక్కల్లో ఉమ్మడి కృష్ణాలో అక్షరాస్యత దాదాపు 74 శాతం, ఉమ్మడి గుంటూరులో 67. గుంటూరు ఆడవాళ్లలో 60.

కోతలకు కర్నూలు పశ్చిమం నుంచి కుటుంబాలకు కుటుంబాలే ఇక్కడికి వస్తాయి. దాన్ని వాళ్లు సుగ్గి అంటారు. ఫిరంగిపురం దగ్గర ఒక చేలో ఒకావిడను కలిశాను. ఫోన్లో పేర్లు చదవడం ఆమెకు రాదు. కింద నుంచి మూడోది అత్తది అని గుర్తు పెట్టుకుంది. కొత్త నంబరు ఒకటి చేరిందంటే వరస మారిపోయి ఫోను ఇంకెవరికో పోతుంది. పక్కన తొమ్మిదేళ్ల కూతురు చంటి తమ్ముణ్ణి చీర ఉయ్యాల్లో ఊపుతోంది. మూడో తరగతి సగంలో వచ్చేసిందట. "పిల్లను యాడ ఇడిసొచ్చేది సార్, ఇంటికాడ ముసిలోళ్లు గూడా లేరు" అంది తల్లి.

పెద్దలకు నేర్పే ప్రయత్నాలు జరక్కపోలేదు. 1988లో జాతీయ అక్షరాస్యత మిషన్ మొదలైంది. నెల్లూరులో ఆ తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం వచ్చింది. చదువు ఏం చేయగలదో అంతకన్నా రుజువు ఏం కావాలి? అయితే తరగతులు ఆగాక చేతికి రెండో పుస్తకం ఇచ్చినవాళ్లు లేరు. చాలామందికి సంతకం ఒక్కటే మిగిలింది. పది గంటలు కాయ కోసి వచ్చిన మనిషిని రాత్రి బడికి రమ్మంటే ఎలా వస్తుంది? డ్వాక్రా సమావేశానికి ఎలాగూ వస్తుంది. అక్కడే తన పాస్‌బుక్కుతోనే చదువు మొదలుపెట్టవచ్చు.

పిల్లల సంగతి ఇంకా తేలిక. టీసీ లేదని బడిలో చేర్చుకోకపోవడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కుదరదు, కాబట్టి కోతల ఊరి బడిలోనే కూర్చోబెట్టవచ్చు. సొంతూరిలో అయితే, పెద్దలు వలస వెళ్లిన నెలల్లో పిల్లలు ఉండి చదువుకునే సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. ఏ ఇంటివాళ్లు సుగ్గికి వెళ్తారో నవంబరుకల్లా ఊళ్లో అందరికీ, కూలీలను తీసుకెళ్లే మేస్త్రీకి కూడా తెలిసే ఉంటుంది. హాస్టల్ తలుపులు తీయాల్సింది అప్పుడే, లారీ బయలుదేరకముందే.