గ్రాఫిక్స్ కార్డు ఓవర్‌క్లాకింగ్: మా బల్లార్‌పూర్ ఎండలకు తేలిన అపోహలు, వాస్తవాలు

చంద్రపూర్ జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలు దాటితే ఎవరూ వింతగా చెప్పుకోరు. 47 కూడా చూసిన ఊళ్లివి. బల్లార్‌పూర్, రాజురా వైపు కంప్యూటర్లు బాగుచేసే మాలాంటి వాళ్ల దగ్గరికి ఈ రోజుల్లో ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇది: "అన్నా, చలికాలం మంచిగ నడిచిన సెట్టింగే. ఇప్పుడు గేమ్ పెట్టంగనే బంద్ అయితుంది." చాలాసార్లు కార్డుకు ఏమీ అయి ఉండదు. ఓవర్‌క్లాక్ (కార్డు వేగాన్ని, అంటే క్లాక్‌ను, కంపెనీ పెట్టినదానికన్నా పెంచడం) గురించి అక్కడా ఇక్కడా విన్న మాటలతోనే తంటా. గిరాకీల నోట పదే పదే వినేవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: ప్రతి మోడల్‌కూ ఒక నెంబర్ ఉంటుంది. యూట్యూబ్‌లో చూసి అదే పెట్టుకోవచ్చు.

ఒకే మోడల్ కార్డులు రెండు పక్కపక్కన పెట్టినా వాటి చిప్‌లు సమానంగా రావు. ఒకటి ప్లస్ 180 మెగాహెర్ట్జ్ మోస్తుంది, ఇంకోటి ప్లస్ 90కే చేతులెత్తేస్తుంది. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది వేరే ఉంది.

క్లాక్ మార్చే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో మనం పెట్టేది క్లాక్ కాదు, ఆఫ్‌సెట్. అంటే ఉన్నదానికి ఎంత కలపాలన్న లెక్క. 2012లో జీటీఎక్స్ 680తో ఎన్‌విడియా జీపీయూ బూస్ట్ తెచ్చినప్పటి నుంచి కార్డు తన క్లాక్‌ను తానే మార్చుకుంటోంది. ఎంత వోల్టేజ్‌కు ఎంత క్లాక్ అని లోపల ఒక కర్వ్ ఉంటుంది. ఆఫ్‌సెట్ పెడితే ఆ కర్వ్ పైకి జరుగుతుంది. దాని మీద ఏ పాయింట్ దగ్గర నడవాలో వేడి, పవర్ లిమిట్, లోడ్ చూసుకుని కార్డే తేల్చుకుంటుంది. వేడెక్కేకొద్దీ తరాన్ని బట్టి 13 లేదా 15 మెగాహెర్ట్జ్ చొప్పున ఒక్కో మెట్టు దిగుతుంది. 60 డిగ్రీల దగ్గర 2010 మెగాహెర్ట్జ్‌లో ఉన్నది 80 డిగ్రీలకు చేరాక 1965లో ఉండొచ్చు. స్లైడర్ మాత్రం రెండుసార్లూ అదే ప్లస్ 150 చూపిస్తుంది.

అందుకే ఓవర్‌క్లాక్ రెండు చోట్ల దెబ్బతింటుంది. మే మధ్యాహ్నం చిప్ బాగా వేడిగా ఉన్నప్పుడు, అదే వోల్టేజ్‌తో అంత క్లాక్ మోయలేక ఆగిపోతుంది. జనవరి పొద్దున కార్డు చల్లగా ఉండి పై మెట్టెక్కి కూర్చున్నప్పుడు, గేమ్ మొదలైన రెండు నిమిషాలకే పడిపోతుంది. ఈ రెండోదాన్ని ఎవరూ నమ్మరు. "చల్లగుంటే ఇంకా మంచిగ నడవాలె కదనే" అంటారు. మెట్టు పెరిగిందన్న సంగతి లెక్కలోకి రాదు మరి. హైదరాబాద్‌లో ఏసీ గదిలో పట్టిన నెంబర్‌కు మన దగ్గర ఎంత విలువ ఉంటుందో మీరే చూసుకోండి.

అపోహ: ఫర్‌మార్క్ టెస్ట్ గంట నడిస్తే సెట్టింగ్ పక్కా.

ఫర్‌మార్క్ కరెంట్‌ను విపరీతంగా లాగి కార్డును పవర్ లిమిట్‌కు నెట్టేస్తుంది. లిమిట్ తగలగానే కార్డు వోల్టేజ్, క్లాక్ రెండూ దించేసుకుంటుంది. అంటే మీరు పరీక్షించాలనుకున్న పై పాయింట్లను అది ముట్టుకోనే ముట్టుకోలేదు. కూలింగ్ సరిగా ఉందా, పవర్ సప్లై తట్టుకుంటుందా అని చూడటానికి మాత్రం పనికొస్తుంది.

3డీమార్క్ స్ట్రెస్ టెస్ట్‌లో 97 శాతం వస్తే పాస్ అంటారు. అది 20 లూపుల్లో ఫ్రేమ్ రేట్ ఎంత నిలకడగా ఉందో చెప్పే లెక్క. లెక్కలు తప్పు రాలేదని దానికి అర్థం కాదు. మామూలు గేమ్‌లో గంటలకొద్దీ నడిచిన సెట్టింగ్ రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా చూపే పద్ధతి) ఆన్ చేయగానే పడిపోవడం మామూలే. చిప్‌లో అప్పటిదాకా ఊరికే ఉన్న భాగాలు అప్పుడు పనిలోకి దిగుతాయి.

నా పద్ధతి చెబుతాను. ముందు డీఫాల్ట్‌లోనే అన్నీ నడిపి చూడాలి. అక్కడే పడిపోయే కార్డుకు ఓవర్‌క్లాక్ మాట ఎందుకు? తర్వాత కార్డు మెమరీని ముట్టకుండా కోర్ (అసలు చిప్) ఒక్కటే 15 చొప్పున పెంచాలి. పడిపోయిన చోటి నుంచి రెండు మెట్లు వెనక్కి రావాలి. ఆ తర్వాత కోర్‌ను డీఫాల్ట్‌కు దించి మెమరీ సంగతి చూడాలి. రెండూ విడివిడిగా తేలాకే కలపాలి. ఆఖరు పరీక్ష మీరు రోజూ ఆడే గేమ్, మీరు రోజూ చేసే పని. ఒకసారి కార్డు చల్లగా ఉన్నప్పుడు, ఒకసారి మిట్టమధ్యాహ్నం.

అపోహ: స్క్రీన్ మీద చుక్కలు రానంత వరకు మెమరీ పెంచుకుంటూ పోవచ్చు.

నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఇదే. ఆర్‌టీఎక్స్ 3080, 3090లతో 2020లో వచ్చిన జీడీడీఆర్6ఎక్స్ మెమరీలో, దారిలో పాడైన డేటాను పట్టుకుని మళ్లీ పంపించే ఏర్పాటు ఉంది. క్లాక్ హద్దు దాటినా స్క్రీన్ శుభ్రంగానే ఉంటుంది. అయితే మళ్లీ మళ్లీ పంపడంలోనే టైమ్ పోయి వేగం తగ్గుతుంది. ప్లస్ 1000 పెట్టి మురిసిపోతున్న కుర్రాడి మెషీన్‌లో ప్లస్ 600 దగ్గరే స్కోర్ ఎక్కువ ఉంటుంది. కాబట్టి మెమరీకి క్రాష్ కొలత కాదు, స్కోర్ కొలత. ప్రతి మెట్టుకూ ఒకే బెంచ్‌మార్క్ నడిపి కాగితం మీద రాసుకోండి. స్కోర్ పెరగడం ఆగిన చోటే మీ హద్దు. అంతకు కాస్త కిందే ఆగండి.

ఆ మెమరీ వేడిని హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో మెమరీ జంక్షన్ దగ్గర చూడొచ్చు. 110 డిగ్రీలకు చేరితే కార్డు తనంతట తానే వేగం తగ్గిస్తుంది. గదే 42 డిగ్రీలు ఉన్నప్పుడు అక్కడికి చేరడం ఎంతసేపు?

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల వాళ్లకు నా సలహా వేరు: మెమరీ ఓవర్‌క్లాక్ జోలికి పోకండి. గేమ్‌లో ఒక టెక్స్చర్ మిణుకుమంటే ఎవరూ పట్టించుకోరు. తలంబ్రాల సీన్‌లో ఒక ఫ్రేమ్ గళ్లు గళ్లుగా వస్తే పెళ్లివారు ఊరుకుంటారా? కలిసొచ్చే నాలుగు నిమిషాల ఎక్స్‌పోర్ట్ టైమ్ కోసం అంత టెన్షన్ అక్కర్లేదు. అయినా పెంచుతానంటే ఓసీసీటీ సాఫ్ట్‌వేర్‌లో వీ-ర్యామ్ (కార్డు మెమరీ) టెస్ట్ నడిపి ఒక్క ఎర్రర్ కూడా లేదని చూసుకోండి.

అపోహ: ఓవర్‌క్లాక్ చేస్తే కార్డు కాలిపోతుంది.

స్లైడర్లు కంపెనీ పెట్టిన వోల్టేజ్, పవర్ హద్దులు దాటి వెళ్లవు. హద్దు మీరితే మామూలుగా డ్రైవర్ పడిపోతుంది, అంతే. అసలు ప్రమాదం వేరే బయాస్ (కార్డును నడిపే లోపలి ప్రోగ్రామ్) ఎక్కించడంలో, నాసిరకం పవర్ సప్లైలో ఉంది. గనుల పక్క కాలనీల నుంచి వచ్చే కార్డుల ఫిన్‌లలో బొగ్గు దుమ్ము నల్లగా పేరుకుని ఉంటుంది. ముందు అది తీయించండి, ఆ తర్వాత స్లైడర్ సంగతి.

అపోహ: ఎండాకాలం ఫ్యాన్ 100 పెడితే సరిపోతుంది.

ఫ్యాన్ విసిరేది గదిలోని గాలినే. గది 25 ఉన్నప్పుడు 68 దగ్గర నిలిచిన కార్డు, గది 43 అయితే దాదాపు 86కు చేరుతుంది. ఎయిర్ కూలర్ పెడితే పొడి ఎండల్లో గది బాగానే చల్లబడుతుంది, కానీ క్యాబినెట్‌కు ఎదురుగా పెట్టకండి, నీటి తుంపర పడుతుంది. నన్నడిగితే మార్చి నుంచి జూన్ దాకా ఓవర్‌క్లాక్ మానేసి అండర్‌వోల్ట్ చేసుకోవడం, అంటే తక్కువ వోల్టేజ్‌తో నడపడం మేలు. చిప్ తినే పవర్ వోల్టేజ్ వర్గాన్ని (స్క్వేర్) బట్టి ఉంటుంది. అదే క్లాక్‌ను 1.05 వోల్టులకు బదులు 0.9 వోల్టులతో నడపగలిగితే, లెక్క ప్రకారం చిప్ స్విచింగ్‌కు పోయే పవర్ నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. ఎన్‌విడియా పాస్కల్ తరం కార్డుల నుంచి ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే కర్వ్ తెరుచుకుంటుంది. అండర్‌వోల్ట్ కూడా హద్దు వెతకడమే, పరీక్షలన్నీ దానికీ చేయాలి.

అపోహ: మెషీన్ ఆగిందంటే క్లాక్ ఎక్కువైనట్టే.

ఎలా ఆగిందో చూడాలి. స్క్రీన్ ఒక్కసారి నల్లబడి తిరిగొచ్చి, విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నెంబర్ కనబడితే డ్రైవర్ రీసెట్ అయినట్టు. కార్డు రెండు సెకన్లలో జవాబివ్వకపోతే విండోస్ చేసే పని అది. కోర్ ఆఫ్‌సెట్ తగ్గించి చూడండి. రిజిస్ట్రీలో ఆ రెండు సెకన్లను పదికి పెంచుకునేవాళ్లు ఉన్నారు. దాంతో కార్డు బాగుపడదు, స్క్రీన్ ఇంకాసేపు బిగుసుకుపోతుంది. చుక్కలు, గళ్లు వస్తే ముందు మెమరీని అనుమానించాలి. స్విచ్ తీసినట్టు మెషీన్ మొత్తం ఆరిపోతే మాత్రం పవర్ సప్లై, యూపీఎస్, ఇన్వర్టర్ వైపు చూడాలి. పవర్ సప్లై మీద రాసిన వాట్లు ఏ వేడి దగ్గర లెక్కో కూడా చూడండి: కొన్నిటికి 40 డిగ్రీలు, మంచివాటికి 50. క్యాబినెట్ లోపల మే నెలలో 40 కన్నా తక్కువ ఎక్కడిది?

అపోహ: సెకండ్ హ్యాండ్ మైనింగ్ కార్డు ఓవర్‌క్లాక్‌కు పనికిరాదు.

2022 సెప్టెంబర్ 15న ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీకి గ్రాఫిక్స్ కార్డులతో చేసే మైనింగ్ ఆగాక ఇలాంటివి మార్కెట్‌లోకి బాగా వచ్చాయి. తెలివైన మైనర్లు కోర్‌ను తక్కువ వోల్టేజ్‌లోనే నడిపేవారు, మెమరీని మాత్రం పిండేవారు. ఆర్‌ఎక్స్ 580 లాంటి వాటిలో మెమరీ టైమింగ్‌లు మార్చిన బయాస్ మిగిలిపోయి ఉండొచ్చు. జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌తో బయాస్ వెర్షన్ సరిచూసి, అసలు బయాస్ ఎక్కించుకున్నాకే హద్దు వెతకడం మొదలుపెట్టండి.

ఇంకొక్కటి. ఆఫ్టర్‌బర్నర్‌లో ఎండాకాలానికి ఒక ప్రొఫైల్, చలికాలానికి ఒకటి సేవ్ చేసుకోండి. స్టార్టప్‌లోనే అప్లై అయ్యే బటన్‌ను పరీక్షలన్నీ ముగిసేదాకా నొక్కకండి. లేదంటే పడిపోయిన ప్రతిసారీ విండోస్ అదే సెట్టింగ్‌తో లేస్తుంది, దాన్ని తీసేయడానికి సేఫ్ మోడ్‌లోకి వెళ్లాల్సి వస్తుంది.